పిండి కలిపేది ఎవరు?

ప్రశ్న: మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. ఇద్దరం కలిసి బేకింగ్ నేర్చుకోవాలని ఉంది. మల్కాజిగిరిలో ఉంటాం. మంచి క్లాసు ఎలా వెతుక్కోవాలి?

జవాబు: ఫీజు సంగతి తర్వాత. ముందు ఒక్కటి అడగండి: పిండి కలిపేది మేమా, మీరా? చాలాచోట్ల టీచరు చేసి చూపిస్తారు, మనం నోట్సు రాసుకుని, రుచి చూసి వచ్చేస్తాం. దాంతో చెయ్యి తిరగదు. గుడ్లు, పంచదార గిలక్కొట్టి విస్కు పైకెత్తితే మిశ్రమం రిబ్బనులా జారాలి. ఆ చిక్కదనం ఎదుటివాళ్లు చేస్తుంటే చూసి పట్టుకోలేం.

రెండోది ఓవెన్. అక్కడ పెద్ద డెక్ ఓవెన్ మీద నేర్చుకుని ఇంట్లో చిన్న ఓటీజీలో పెడితే, అదే కేకు పైన మాడి లోపల పచ్చిగా ఉండిపోవచ్చు. ఓటీజీ మీద, గ్రాముల కొలతలతో నేర్పేవారిని ఎంచుకోండి.

విద్యానగర్‌లోని హోటల్ మేనేజ్‌మెంట్ సంస్థ, బేగంపేటలోని కలినరీ అకాడమీ ఆఫ్ ఇండియా ప్రధానంగా వంట, హోటల్ రంగాల్ని వృత్తిగా ఎంచుకునేవారి కోసం. చిరుధాన్యాల బిస్కెట్ల మీద ఆసక్తి ఉంటే రాజేంద్రనగర్‌లోని భారతీయ చిరుధాన్యాల పరిశోధన సంస్థ శిక్షణ గురించి వాకబు చేయండి. పాపతో వెళ్లడానికైతే ఇంటికి దగ్గర్లోని చిన్న క్లాసే నయం, బ్యాచ్‌లో ఆరేడుగురికి మించకపోతే.

మైదా జల్లించడం, తూకం వేయడం, అచ్చుల్లో పోయడం పాపకు వదిలేయండి. వేడి ట్రే మాత్రం పెద్దవాళ్లే తీయాలి. పల్లీలు, జీడిపప్పు తనకు పడకపోతే ముందే చెప్పండి. మొదట ఒకరోజు క్లాసుకి వెళ్లి చూశాకే కోర్సు ఫీజు కట్టండి.