కారు వైరింగ్: ఏ చోటికి ఏ టేపు

ఆటో ఎలక్ట్రికల్ కొట్టులో కారు వైరింగ్‌కి టేపు అడిగితే దాదాపు ఎప్పుడూ ఒకటే చేతిలో పెడతారు: మెరిసే నల్ల పీవీసీ ఇన్సులేషన్ టేపు. ఇంట్లో స్విచ్‌బోర్డు వెనక జాయింట్లకు చుట్టేదీ అదే. చవక, బాగా సాగుతుంది, చుట్టడం తేలిక. రెండు మూడు ఎండాకాలాలు పోయాక బానెట్ ఎత్తి ఆ వైరింగ్‌ని పట్టుకోండి. వేళ్లకు నల్లటి బంక అంటుతుంది, అంచులు ఊడి, వాటికి దుమ్ము పట్టి తోకల్లా వేలాడుతుంటాయి.

వైరు మీద ఇన్సులేషన్ ముందే ఉంటుంది కదా, మరి పైన చుట్టే టేపు ఎందుకు? వైర్లన్నిటినీ కట్టగా పట్టి ఉంచాలి, రేకు అంచుకు ఒరుసుకున్నప్పుడు ముందు తనే అరగాలి, డాష్‌బోర్డు లోపల ప్లాస్టిక్‌కి కొట్టుకుని టకటకమనకుండా చూడాలి. ఈ అవసరాలు బండిలో చోటు చోటుకీ మారతాయి. అందుకే చివరి నుంచి చివరి దాకా ఒకే టేపుతో పని కానిచ్చేసిన వైరింగ్ చూస్తే నాకు నమ్మకం కలగదు. పాత మారుతి 800 లాంటి బండి వైరింగ్‌ని విప్పి మళ్లీ చుట్టాలంటే పని ఇలా సాగుతుంది.

ముందు బ్యాటరీ మైనస్ ఊడదీయండి. ఫొటోలు తీసుకుని, ప్రతి కప్లర్‌కీ మాస్కింగ్ టేపు ముక్క అంటించి అది దేనిదో రాయండి. వైరింగ్ బయటికి వచ్చాక పాత టేపు కోసే తొందర వద్దు. ప్లైవుడ్ మీద పరిచి, కొమ్మలు చీలిన ప్రతి చోటా అటూ ఇటూ మేకులు కొట్టండి, క్లిప్పులున్న చోట్లు గీసుకోండి. ఫ్యాక్టరీల్లోనూ ఈ వైర్ల కట్టలను (హార్నెస్‌లను) ఇలాంటి బోర్డుల మీదే, ఇప్పటికీ చాలావరకు చేత్తోనే కడతారు. కొమ్మ ఒక్క అంగుళం జరిగినా హెడ్‌లైట్ కప్లర్ అందదు, అందినా వైరు లాగినట్టు ఉంటుంది.

పాత బంకను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడవండి. థిన్నర్, పెట్రోలు జోలికి పోవద్దు, అవి వైరు తొడుగును కూడా తినేస్తాయి. తుడిచాక ఒక్కో వైరునీ వేళ్ల మధ్య వంచి చూడాలి. తొడుగు పెళుసుగా చిట్లితే ఆ వైరు మార్చాల్సిందే, పైన ఎంత మంచి టేపు చుట్టినా లాభం లేదు. జాయింట్లు కొత్తగా క్రింప్ చేసి, లోపల జిగురుండే హీట్ ష్రింక్ ట్యూబు వేయండి. చుట్టాక లోపలికి చూడలేం కాబట్టి మల్టీమీటర్ పరీక్ష ఇప్పుడే అయిపోవాలి.

ఇక ఎంపిక. బానెట్ కింద ఇంజిన్ పక్కన నడిచే భాగానికి పాలిస్టర్ గుడ్డ టేపు కావాలి. జర్మన్ కార్ల కంపెనీలు టేపుల కోసం ఎల్‌వీ 312 అనే పరీక్షా ప్రమాణం పెట్టుకున్నాయి. అందులో వేడికి తరగతులున్నాయి: టీ2 అంటే 105 డిగ్రీలు, టీ3 అంటే 125, టీ4 అంటే 150. ఆ వేడిలో 3,000 గంటలు ఉంచి, టేపుతో పాటు లోపలి వైరు తొడుగు ఏమైందో కూడా చూస్తారు. ఈ రెండోది చాలామందికి తట్టదు. టేపు జిగురుకీ వైరు తొడుగుకీ పొసగకపోతే తొడుగు గట్టిపడి పగులుతుంది. మామూలు పీవీసీ టేపులో మెత్తదనం కోసం కలిపే ప్లాస్టిసైజర్ వేడికి జిగురులోకి దిగుతుంది, మొదట చెప్పిన బంక అదే. పీవీసీని పూర్తిగా తీసిపారేయక్కర్లేదు, వాహనాల కోసమే చేసిన 105 డిగ్రీల రకం దొరుకుతుంది. రోల్ మీద డిగ్రీలు రాసి లేకపోతే మాత్రం బానెట్ కిందికి తేవద్దు.

ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ దగ్గర ఏ గుడ్డ టేపూ ఆగదు. అల్యూమినియం పొర ఉన్న ఫైబర్‌గ్లాస్ స్లీవు వేయాలి, అంతకన్నా ముందు వైరింగ్‌ని ఎంత వీలైతే అంత దూరం జరపాలి. చక్రాల వైపు, బండి అడుగున అయితే పక్కన చీలికున్న ముడతల పైపు మంచిది. చీలిక కిందికి ఉండేలా పెడితే నీరు నిలవదు. పైపు లోపల మొత్తం చుట్టకుండా అక్కడక్కడ టేపు ముక్కలు వేస్తే చాలు. డాష్‌బోర్డు వెనక వేడి తక్కువ, చప్పుడే సమస్య. అక్కడ ఉన్నిలా మెత్తగా ఉండే ఫ్లీస్ టేపు చుట్టండి. తలుపు కీలు దగ్గర వైరింగ్ రోజూ వంగుతుంది కాబట్టి జిగురు టేపు బిగించకుండా రబ్బరు బూటులోంచి వదులుగా పోనివ్వాలి.

చుట్టడం కొమ్మల చివర్ల నుంచి మొదలై మానుకు, అంటే ప్రధాన కట్టకు రావాలి. అప్పుడు కొమ్మ టేపు కొస మాను చుట్ల కింద దాగుతుంది. కప్లర్ దగ్గర ఓ అంగుళం వదిలేయండి, రేపు పిన్ను మార్చాలంటే చోటుండాలి. 19 మిల్లీమీటర్ల టేపు సగం మీద సగం పడేలా ఏటవాలుగా తిప్పుతూ పోవాలి. కొమ్మ చీలే చోట రెండు వైపుల నుంచీ అడ్డంగా దాటిస్తూ చుడితేనే చంక కప్పుకుంటుంది. ఎంత బిగించాలి? చుట్టిన కట్ట చేత్తో వంచితే తేలిగ్గా వంగాలి, కర్రలా నిలబడితే ఎక్కువ బిగించినట్టు. పీవీసీ వాడే చోట చివరి చుట్టును సాగదీయకుండా వేసి నొక్కండి. సాగదీసిన కొస వెనక్కి ముడుచుకుంటుంది, ఊడటం అక్కడే మొదలవుతుంది.

ఎలుకల బాధ ఉన్నవాళ్లకి ఇంకో రకం ఉంది. మిరపకాయకి ఘాటునిచ్చే క్యాప్సైసిన్ కలిపిన టేపును హోండా విడిభాగంగా అమ్ముతుంది. గుంటూరు మిర్చి యార్డు గాలి పీల్చినవాళ్లకి ఈ ఉపాయం చెప్పనక్కర్లేదు. చుట్టేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి, ఆ చేతులతో కళ్లు నులుముకోవద్దు.

కొత్త కార్లయితే పసుపు తొడుగు, పసుపు కప్లర్ కనిపించిన చోట ఆగిపోండి, అది ఎయిర్‌బ్యాగ్ వైరింగ్. ఎలక్ట్రిక్, హైబ్రిడ్ బండ్లలో నారింజ రంగు కేబుళ్లు హై వోల్టేజివి, వాటి మీద ఏ టేపూ మనం వేయకూడదు. మెలితిప్పి ఉన్న రెండు సన్నటి వైర్లు సాధారణంగా కంప్యూటర్ల మధ్య సమాచారం మోసేవి. అందంగా సర్దాలని ఆ మెలిక విప్పొద్దు.

తిరిగి బిగించేటప్పుడు బాడీకీ ఇంజిన్‌కీ మధ్య కాస్త వైరు వదులుగా ఉంచండి, యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా ఇంజిన్ ఊగుతుంది. ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడలోంచి వెళ్లేచోట రబ్బరు గ్రొమెట్ కన్నంలో సరిగ్గా కూర్చుందో లేదో వేలితో చుట్టూ తడిమి చూసి, ఆ తర్వాతే బ్యాటరీ మైనస్ తగిలించండి.