పాట పూర్తి చెయ్యి, తల్లీ

నరసాపురం

ప్రియమైన చిన్నమ్మడూ,



"పెద్దమ్మా, నేను రోజంతా చూసేది ఆరాధన పాటలూ, వాక్యం రీల్సే కదా, తప్పేముంది?" అని మొన్న ఫోన్లో అడిగావు. తప్పని నేననను. కానీ క్రిస్మస్‌కి సండే స్కూలు పిల్లల కోసం మొదలుపెట్టిన పాట పల్లవి దగ్గరే ఆగిపోయిందని కూడా నువ్వే చెప్పావు. ఆ రెండు మాటలకీ సంబంధం ఉందని నాకు గట్టిగా అనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నిర్గమకాండం 31వ అధ్యాయం మళ్ళీ చదువు. అక్కడ దేవుడు తన ఆత్మతో నింపానని చెప్పిన బెసలేలు ప్రవక్తా కాదు, యాజకుడూ కాదు. బంగారం, వెండి, రాయి, చెక్క పని తెలిసిన మనిషి. చేతిలోని పనితనం కూడా దేవుడిచ్చిన వరమేనని అంత స్పష్టంగా చెప్పిన వెంటనే విశ్రాంతిదినం ఆజ్ఞ వస్తుంది. ఆ తర్వాత 32వ అధ్యాయంలో ఏం జరిగిందో చూడు. మోషే కొండ దిగడం ఆలస్యమైంది. జనం ఆ ఎదురుచూపు భరించలేక చెవిపోగులు తీసిచ్చి దూడ విగ్రహాన్ని చేయించుకున్నారు. 35వ అధ్యాయానికి వచ్చేసరికి ఆ జనమే ప్రత్యక్షగుడారం కోసం బంగారం తెచ్చారు. స్త్రీలు తమ చేతులతో నూలు వడికి తెచ్చారు. మొదటిసారి ఖాళీని తట్టుకోలేక ఇచ్చారు, రెండోసారి హృదయం కదిలి ఇచ్చారు. ఇచ్చిన చేతులు మాత్రం అవే.

ఫోన్ విగ్రహమని నేను అనడం లేదు. ఖాళీని తట్టుకోలేకపోవడమే మన రోగం అంటున్నాను. పల్లవి అయ్యాక చరణం తోచని పది నిమిషాలు ఉంటాయి చూడు, పాట పుట్టేది అక్కడే. సరిగ్గా అప్పుడే చెయ్యి ఫోన్ మీదికి పోతుంది. ఇంజనీరింగ్ చదువుతున్నావు, నీకు నాకంటే బాగా తెలుస్తుంది: ఎంత కిందికి జరిపినా పేజీ అయిపోకుండా వచ్చే ఏర్పాటును 2006లో ఏజా రాస్కిన్ అనే డిజైనర్ తయారుచేశాడు. తర్వాత దాని గురించి ఆయనే విచారపడ్డాడు. పుస్తకానికి చివరి పేజీ ఉంటుంది, ఆరాధనకి ఆశీర్వచనం ఉంటుంది. రీల్స్‌కి ఆఖరన్నది లేదు. వాటిలో ఉన్నది వాక్యమే అయినా, ఒకటి మనసులోకి దిగకముందే ఇంకొకటి వచ్చి దాన్ని తుడిచేస్తుంది. ఇంకొకరి అర్పణకి ఆమేన్ అనడం మంచిదే, కానీ అది నీ అర్పణ కాదు.

మనం పాడుకునే ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరువు. పాటల మీద రాగం, తాళం ఉంటాయి. పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) 1833లో బాప్తిస్మం పొంది, సువార్త పనిలో తిరుగుతూనే నూటికి పైగా కీర్తనలు రాశారు. మన రాగాల్లో, మన జనం నోటికి పట్టేలా రాశారు కాబట్టే ఇన్నేళ్లుగా పాడుతున్నాం. గుర్రం జాషువా గారు కులం పేరిట ఎన్ని అవమానాలు ఎదురైనా పద్యం విడిచిపెట్టలేదు. ఆయన 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది.

వాళ్ళెక్కడ, నేనెక్కడ అనుకోకు. బైబిల్లో యొప్పే ఊరి దోర్కా అనే ఆమె విధవరాళ్ళకి బట్టలు కుట్టింది. ఆమె చనిపోయినప్పుడు వాళ్ళు ఏడుస్తూ పేతురుకి చూపించింది ఆ అంగీలే. మిషనరీల దగ్గర నేర్చుకున్న లేసు అల్లికను మన నరసాపురం చుట్టుపక్కల ఆడవాళ్ళు తరతరాలుగా నిలబెట్టుకొస్తున్నారు. వాళ్ళ పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు, పని మాత్రం మిగిలింది.

ఇక నువ్వు చెయ్యవలసింది చెబుతాను. ఉదయం ప్రార్థన చేసుకుని, కాగితం మీద నాలుగు లైన్లు రాసేదాకా ఫోన్ ముట్టకు. బైబిల్ అచ్చు పుస్తకంలోనే చదువు. ఫోన్లో తెరిస్తే వాక్యం మధ్యలోనే వాట్సాప్ పిలుస్తుంది. బాణీ తోచినప్పుడు ఫోన్లో రికార్డు చేసుకో, శ్రుతి పెట్టుకో, పని కాగానే పక్కన పెట్టెయ్. పిల్లలు గుడిలో పాడేదాకా పాటను ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టకు. లైకులు లెక్కపెట్టడం మొదలైతే ఎవరికోసం రాస్తున్నావో మరిచిపోతావు. ఆదివారం పాట పని కూడా ఆపి విశ్రాంతి తీసుకో. బెసలేలుకీ ఆ ఆజ్ఞ ఉంది.

మొదటి పాట గొప్పగా రాకపోవచ్చు. అయినా భయపడకు. తలాంతుల ఉపమానంలో యజమాని కోప్పడింది తక్కువ సంపాదించినవాడి మీద కాదు, భయపడి భూమిలో దాచిపెట్టినవాడి మీద.

పిల్లలకి నేర్పడానికి కనీసం నెల రోజులు కావాలి. దసరా సెలవులు అయ్యేలోగా చరణాలు పూర్తిచేసి, నీ చేతిరాతతో నాకు పోస్టులో పంపించు.

ప్రభువునందు,
నీ పెద్దమ్మ