తుంపరలో దాగిన రోగము

విద్యార్థులారా! నీటివలన వచ్చు రోగము లనగానే మీకు కలరా, టైఫాయిడ్, కామెర్లు స్ఫురించును. ఇవి కలుషితమైన నీటిని త్రాగుటచే వచ్చునవి. కాచి చల్లార్చిన నీటినే త్రాగవలెనని మేము క్రింది తరగతులనుండియు మీకు చెప్పుచునే యున్నాము. కాని నీటి తుంపరలను పీల్చుటచే ప్రాణాపాయము కలిగించు రోగ మొకటి కలదు. దానిని లీజియనేర్స్ వ్యాధి యందురు. అది యెట్లు కలుగునో, దానికి బాధ్యు లెవ్వరో, బాధితులు న్యాయము నెట్లు పొందగలరో ఈ పాఠమున తెలిసికొందము.

పేరు వచ్చిన విధము

1976 జూలైలో, అమెరికా స్వాతంత్ర్య ప్రకటన జరిగి రెండువందల యేండ్లు నిండిన సందర్భమున, ఫిలడెల్ఫియా నగరమందలి బెల్వ్యూ-స్ట్రాట్‌ఫర్డ్ హోటలులో ‘అమెరికన్ లీజియన్’ అను మాజీ సైనికుల సంఘమువారు సమావేశమైరి. ఇండ్లకు మరలిన కొలది దినములకే పలువురు తీవ్రమైన జ్వరముతోను న్యుమోనియాతోను మంచము పట్టిరి. మొత్తము 221 మందికి రోగము సోకగా 34 మంది మరణించిరి. రోగులలో కొందరు హోటలు గడప త్రొక్కినవారైనను కారు. ఆ వీధివెంట నడచిపోయినవారు మాత్రమే.

ఇది విషప్రయోగమేమో యని కొందరు, క్రొత్త ఇన్‌ఫ్లూయెంజా యేమో యని కొందరు భయపడిరి. జనులు రాక తగ్గి, ఆ సంవత్సరమే హోటలు మూతపడెను. 1977 జనవరిలో జోసెఫ్ మెక్‌డేడ్ అను శాస్త్రజ్ఞుడు దీనికి కారణమైన బాక్టీరియాను కనుగొనెను. లీజియనువారిని పట్టినది గనుక దానికి ‘లీజియనెల్లా న్యూమోఫిలా’ యని పేరిడిరి. రెండవ మాటకు ఊపిరితిత్తులను ప్రేమించునది యని యర్థము.

ఎట్లు పెరుగును? ఎట్లు సోకును?

ఈ సూక్ష్మజీవి చెరువులలోను వాగులలోను స్వల్పముగా నుండును. అచ్చట దానివలన భయము తక్కువ. గోరువెచ్చని నీరు, ఇంచుమించు 25 మొదలు 45 సెంటీగ్రేడు డిగ్రీల వేడి కలది, గొట్టములలోను తొట్లలోను కదలక నిలిచినచో అది విస్తారముగా పెరుగును. నాచు, త్రుప్పు, పాచిపొర దానికి ఆశ్రయములు.

పెద్ద భవనములను చల్లబరచు యంత్రములకు ‘కూలింగ్ టవర్’ అను కట్టడ ముండును. యంత్రమునుండి వచ్చిన వేడినీటిని అందు జల్లుగా కురిపించి, ఫ్యానుతో గాలి నాడింతురు. కొంత నీరు ఆవిరియై తక్కినది చల్లబడును. అప్పుడు సన్నని తుంపరలు గాలిలో ఎగిరిపోవును. నీటికి మందు కలిపి శుద్ధిచేయనిచో ఆ తుంపరలతో సూక్ష్మజీవియు ఎగురును. స్నానపు జల్లులు, ఫౌంటెనులు, వేడినీటి తొట్లుకూడ ఇట్టి ప్రమాదమునకు తావీయగలవు.

తరగతిలో ఒక బాలుడు, “రోగి ప్రక్కన కూర్చున్నచో అంటునా అండీ?” యని మమ్ము ప్రశ్నించెను. మంచి ప్రశ్న. సాధారణముగా ఇది మనుష్యునినుండి మనుష్యునికి అంటదు. కావున రోగిని వెలివేయక, నీటిజాడ వెదకవలెను.

జ్వరము, చలి, దగ్గు, ఆయాసము, తలనొప్పి, కండరముల నొప్పి దీని లక్షణములు. కొందరికి విరేచనములు, మతిభ్రమ కలుగును. ఏబది యేండ్లు దాటినవారికి, పొగత్రాగువారికి, ఊపిరితిత్తుల జబ్బులవారికి అపాయ మెక్కువ. రోగము సోకిన పదుగురిలో ఒకరు మరణించుచున్నారని అంచనా. పెన్సిలిన్ దీనికి పనిచేయదు. అజిత్రోమైసిన్, లీవోఫ్లాక్ససిన్ వంటి మందులను వైద్యుడు సకాలమున ఇచ్చినచో పెక్కుమంది కోలుకొందురు.

బాధ్యత ఎవ్వరిది?

2002లో ఇంగ్లండునందలి బారో-ఇన్-ఫర్నెస్ పట్టణమున, పురపాలక సంఘమువారి కళాభవనపు శీతలీకరణ యంత్రమునుండి వెలువడిన తుంపరలు ప్రక్కసందులో నడచువారిపై పడెను. 170 మందికి పైగా రోగము సోకగా ఏడుగురు మరణించిరి. హెచ్చరికలను లక్ష్యపెట్టలేదనియు, ఏ పని ఎవ్వరిదో స్పష్టముగా నిర్ణయింపలేదనియు విచారణలో తేలినది. పదిమంది పని యనుకొన్నది ఎవ్వరి పనియు కాకపోయెను. నరహత్యా నేరారోపణమునుండి సంఘము 2005లో విముక్తి పొందినను, ఆరోగ్యరక్షణ చట్టమును మీరినందులకు 2006లో దానికి 1,25,000 పౌనుల జరిమానా పడెను.

జరిమానా ప్రభుత్వమునకు చెల్లును గాని బాధితునికి కాదు. నష్టపరిహారమునకై బాధితుడు వేరుగా దావా వేయవలెను. అందు నాలుగు విషయములను చూపవలసియుండును: ఆ నీటిని కాపాడు బాధ్యత ప్రతివాదికి కలదనుట, అతడు నిర్లక్ష్యము చేసెననుట, ఆ నిర్లక్ష్యమువలననే తనకు రోగము వచ్చెననుట, దానివలన తనకు నష్టము కలిగెననుట. వీనిలో మూడవది మిక్కిలి కష్టము. మూత్రపరీక్ష రోగమును శీఘ్రముగా తెలుపును గాని ఏ నీటినుండి వచ్చినదో తెలుపదు. కఫమునుండి పెంచిన సూక్ష్మజీవిని, అనుమానించిన నీటిలోని దానితో పోల్చినపుడే సంబంధము బలపడును. 2015లో న్యూయార్కునందలి సౌత్ బ్రాంక్స్‌లో ఇట్లే పోల్చి ఒక హోటలు కూలింగ్ టవరును గుర్తించిరి. ఆ యేటనే కూలింగ్ టవరులన్నియు నమోదు కావలెనని ఆ నగరమున శాసనము వచ్చెను.

దావాకు గడువుకూడ కలదు. ఇంగ్లండులో అది సామాన్యముగా మూడేండ్లు; ఇతర దేశములలో వేరుగా నుండవచ్చును. కావున ఎక్కడ బసచేసిరో తెలుపు రసీదులను, వైద్యుని చీటీలను, పరీక్షాపత్రములను పారవేయక భద్రపరచవలెను.

తలిదండ్రులకు ఒక మాట

న్యుమోనియాతో వైద్యుని కడకు పోయినపుడు, గడచిన రెండు వారములలో ఏ ఊరు పోయితిరో, ఎచ్చట బసచేసితిరో తప్పక చెప్పుడు. ఇంటి నీళ్లతొట్టిని కడిగి మూతపెట్టుడు. కూలరులోని నీటిని మార్చుచుండుడు. చాలదినములు వాడని కొళాయి నీటిని, తుంపరలు ముఖముపై పడకుండ, కొంతసేపు విడిచిన పిమ్మటనే వాడుడు.

నీటిని నిలువచేయువాడు దాని శుభ్రతకును పూచీ వహించును. పరిహారము కుటుంబమునకు ఆసరాయగునే గాని పోయిన మనిషిని తేజాలదు. ఆ దావా వేయవలసిన యవసరమే రాకుండ కాచుకొనుట మేలు.

ప్రశ్నలు

1. ఈ వ్యాధికి ఆ పేరెట్లు వచ్చెను?
2. కూలింగ్ టవరు పనిచేయు విధమును పటము గీచి వివరింపుడు.
3. బాధితుడు న్యాయస్థానమున చూపవలసిన నాలుగు విషయము లేవి? వానిలో కష్టమైనదేది? ఏల?
4. మీ యింటను, బడిలోను నీరు నిలుచు చోట్లను చూచి, వానిని శుభ్రపరచువా రెవ్వరో వ్రాసికొని రండు.