పంట ఏదో నేలనే అడగండి
వాటర్‌షెడ్ పనికి ముందు వాలు, లోతు చూసుకోవాలి

ఆలూరు ప్రాంత రైతుకు వానంటే ఆశా ఉంది, భయమూ ఉంది. ఏడాదికి 500 నుంచి 670 మి.మీ. మాత్రమే పడే అల్ప వర్షపాత మండలం మనది. అదీ ఒక్కోసారి రెండు మూడు పెద్ద వానల్లో కురిసి పోతుంది. ఒక సెంటీమీటరు వాన కురిస్తే ఎకరా మీద 40 వేల లీటర్ల నీరు పడినట్టు. ఆ నీటిని మీ నేల నిలుపుకుంటుందా, జారవిడుస్తుందా? ముందు అది తేల్చుకోవాలి. విత్తనం సంగతి తర్వాత.

వాననీటికి హద్దురాళ్ళు తెలియవు. పైన గట్టువాలు నేలను నిలువుగా దున్నితే, ఆ మట్టి కింది రైతు చేలో మేట వేస్తుంది. మిగిలింది వంకలో, కుంటలో పూడిక అవుతుంది. అందుకే ఒకే వంకలోకి నీరు దిగే భూమినంతా ఒక్క చేనుగా చూడాలి. వాటర్‌షెడ్ అంటే ఇదే. 1994లో ప్రొఫెసర్ హనుమంతరావు కమిటీ చేసిన సిఫారసుల మీద, 1995 ఏప్రిల్ 1 నుంచి సుమారు 500 హెక్టార్లు ఒక యూనిట్‌గా ఈ పనులు మొదలయ్యాయి. పని పైనుంచి కిందికి రావాలి. పైన వదిలేసి కింద చెక్‌డ్యాం కడితే నాలుగు వానలకే పూడిపోతుంది.

ఎట్లా తెలుసుకోవాలి?

లోతు: చేలో మూడు చోట్ల గడ్డపారతో గుంత తీయండి. గులకో, రాయో ఎంత లోతులో తగిలిందో కొలవండి.

వాలు: సన్నటి తెల్ల పైపులో నీళ్ళు నింపి, ఇద్దరు వంద అడుగుల దూరంలో నిలబడి చెరొక కొస పట్టుకోండి. రెండు కొసల్లో నీళ్ళు ఒకే మట్టంలో నిలుస్తాయి. అక్కడి నుంచి నేలకు ఎంత ఎత్తో ఇద్దరూ కొలవండి. తేడా ఒక అడుగు ఉంటే వాలు నూటికి ఒకటి.

ఏ నేలలో ఏది?

జానెడు లోతు కూడా లేని గులక నేల, నూటికి పది దాటిన వాలు: మడక పెట్టొద్దు. స్టైలో గడ్డి, సీతాఫలం, రేగు, వేప, కానుగ వేసుకోవాలి.

ఓ మోస్తరు వాలున్న ఎర్రనేల: వాలుకు అడ్డంగా సేద్యం చేయాలి. వేరుశనగ, కంది, కొర్ర, ఆముదం పండుతాయి. వేరుశనగలో ప్రతి 12 అడుగులకు ఒక గొడ్డుచాలు తీస్తే నీరు ఇంకుతుంది.

లోతైన నల్లరేగడి: ముంగారులో చిన్న చిన్న మళ్ళుగా గట్లు వేసి వాన ఇంకించి, హింగారులో జొన్న, శనగ వేసుకోవచ్చు. కానీ ఎర్రనేలలో వేసే మట్టపు గట్టు ఇక్కడ పనికిరాదు. నీరు రోజుల తరబడి నిలిచి పైరు చెడుతుంది, ఎండకు బీటలిచ్చిన గట్టు తర్వాతి వానకు తెగుతుంది. గట్టుకు కాస్త వాలు ఇచ్చి, ఎక్కువైన నీరు పోయేందుకు రాతి మరవ పెట్టాలి.

పైరైతు మాటేమిటి?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. గట్టువాలు నేల తరచుగా ఊళ్ళో బీదవాడిదే. ఉన్న రెండెకరాల్లో గడ్డి వేయమంటే "ఈ ఏడు ఏం తినాలి?" అంటాడు. అది న్యాయమైన మాటే. అందుకే నిలువు వాలు ముక్కను మాత్రమే గడ్డికి, చెట్లకు వదలమనండి. వాలు తక్కువున్న చోట పంట వేసుకోనివ్వండి. కందకాల పనిలో మొదటి కూలి ఆ ఇంటికే ఇవ్వండి. గడ్డి, పండ్లు అతనివేనని గ్రామసభలో రాసిపెట్టండి. అతని నేల నిలిస్తేనే కింది బావిలో ఊట నిలుస్తుంది. కాబట్టి ఇది దానం కాదు, కింది రైతులు తమ నీటికి కట్టుకునే ఖర్చు.

ఈసారి మీ ఊళ్ళో వాటర్‌షెడ్ ప్లాన్ రాసేటప్పుడు, చెక్‌డ్యాం ఎక్కడ అని అడగకముందు, వంక తల ఎక్కడుందో అడగండి. పటం పట్టుకుని అక్కడిదాకా నడిచి చూసి రండి.