మంచు సముద్రం లోతెంత?

బావిలో నీరు ఎంత లోతుందో ఎలా చూస్తారు? తాడుకు రాయి కట్టి దించుతారు. రాయి అడుగుకు తగలగానే తాడు వదులవుతుంది. పైకి లాగి, తడిసిన మేర కొలుస్తారు. ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యే వరకు నావికులు సముద్రాన్ని కొలిచిందీ ఇలాగే. రాయికి బదులు సీసపు గుండు, అంతే తేడా.

నార్వే దేశస్థుడు నాన్సెన్ 1893లో 'ఫ్రామ్' అనే ఓడలో ఉత్తర ధ్రువం వైపు బయలుదేరాడు. ఓడను మంచులో చిక్కుకోనిచ్చి, ఆ మంచుతోపాటే కొట్టుకుపోవాలని ఆయన ఆలోచన. ధ్రువం దగ్గర సముద్రం లోతు తక్కువని అప్పట్లో చాలామంది నమ్మకం. అందుకని మరీ పొడవైన తాడు తీసుకువెళ్లలేదు. తీరా దించితే అడుగు అందలేదు! ఊరుకున్నారా? ఓడలోని ఉక్కు మోకును విప్పి, ఆ పోగులను రెండేసి చొప్పున మళ్లీ పేని, ఎముకలు కొరికే చలిలో నాలుగు వేల మీటర్లకు పైబడిన తాడు తయారుచేసుకున్నారు. దానితో చూస్తే లోతు 3,000 మీటర్లు దాటింది. పాత నమ్మకం కాస్తా ఆ తాడుతో పోయింది.

ఇప్పుడు తాడు పని ధ్వని చేస్తోంది. ఓడ అడుగునున్న పరికరం ధ్వనిని కిందికి పంపుతుంది. అది నేలకు తగిలి ప్రతిధ్వనిగా తిరిగి వస్తుంది. వెళ్లి రావడానికి పట్టిన కాలంలో సగాన్ని ధ్వని వేగంతో గుణిస్తే లోతు వస్తుంది. (మా తరగతిలో సగం మంది ఈ 'సగం' మాటే మరిచిపోతారు. అలాంటి వారిని ఓడ ఎక్కించకూడదు!)

ప్రతిధ్వని 0.2 సెకండులో వచ్చిందనుకోండి. ఉష్ణమండలపు వెచ్చని సముద్రంలో ధ్వని వేగం సెకండుకు సుమారు 1,540 మీటర్లు. కనుక లోతు 154 మీటర్లు. గడ్డకట్టేంత చల్లని ఉత్తర సముద్రంలో వేగం సుమారు 1,440 మీటర్లే. కనుక లోతు 144 మీటర్లు. వేగం తప్పుగా తీసుకుంటే లేని లోతు పది మీటర్లు పటంలోకి ఎక్కుతుంది! పైగా మంచు కరిగిన చోట పైనీటిలో ఉప్పు తక్కువ. అక్కడ ధ్వని ఇంకా నెమ్మదిస్తుంది. అందుకే ముందుగా ఒక పరికరాన్ని దించి, ఏ లోతులో ఎంత వేడి, ఎంత ఉప్పు ఉన్నాయో చూసుకుంటారు.

పొలం దున్నినట్టు ఓడ చాళ్లు చాళ్లుగా తిరుగుతూ కొలవాలి. పాత పరికరం తన కిందనున్న చోటే చూపేది. చాలుకూ చాలుకూ మధ్య ఏముందో తెలియదు. ఇప్పటి పరికరాలు ధ్వనిని విసనకర్రలా పరచి వెడల్పాటి పట్టీని ఒకేసారి కొలుస్తాయి. కానీ లోతు తగ్గేకొద్దీ ఆ పట్టీ సన్నబడుతుంది. అంటే ప్రమాదమున్న చోటే చాళ్లు ఎక్కువ కావాలి! అక్కడేమో మంచుగడ్డలు ఓడను తిన్నగా పోనివ్వవు. పని చేయడానికి వీలున్నది కొద్దిపాటి వేసవి మాత్రమే.

2010 ఆగస్టు 27న కెనడా ఉత్తర తీరంలోని కారొనేషన్ సింధుశాఖలో 'క్లిపర్ అడ్వెంచరర్' అనే ప్రయాణికుల ఓడ, పటంలోని ఒకే ఒక వరుస లోతు అంకెలను నమ్ముకుని వెళుతూ రాతిగట్టు ఎక్కేసింది. ఆ గట్టు సంగతి 2007లోనే బయటపడింది, హెచ్చరిక కూడా వెలువడింది. ఓడవారి పటంలో మాత్రం అది ఎక్కలేదు. వందమందికి పైగా ప్రయాణికులను కెనడా తీర రక్షక దళపు 'అముండ్సెన్' వచ్చి ఎక్కించుకుపోయింది. సముద్రపు అడుగును విసనకర్రలా కొలిచే పరికరం ఆ ఓడకుంది.