నీటిలాకరు క్రింద వేయదగిన తొలిపూత

కొయ్యసామానునకు మెఱుగు పెట్టువారు సామాన్యముగ పైపూతను గూర్చియే యెక్కువగ నాలోచింతురు. కంటికి గనబడునది యదియే గదా! కాని పైపూత నిలుచుటయు, పెచ్చులుగా లేచిపోవుటయు దాని క్రిందనున్న తొలిపూతపైననే తఱచుగ నాధారపడియుండును. ఈ తొలిపూతనే పనివారు సీలరు అందురు. ఎన్నో దినములు శ్రమపడి చేసిన బల్ల తొలిపూతయందలి లోపముచే చెడినయెడల, పూతనంతయు గీకివేసి మరల మొదలిడుట తప్ప వేఱు మార్గము లేదు. కావున వడ్రంగము నేర్చు విద్యార్థులు ఈ విషయమును శ్రద్ధతో గ్రహింపవలయును.

మొదట నీటిలాకరు స్వభావము నెఱుంగుదము. నైట్రోసెల్యులోజు లాకరు ఘాటైన వాసనగలిగి త్వరగా మండెడి ద్రావకములలో కరగియుండును. నీటిలాకరునందన్ననో, అక్రిలిక్కు లేక పాలియురిథేను మిక్కిలి సూక్ష్మమైన కణములుగా నీటిలో వ్యాపించియుండును. నీరు ఆవిరియైన పిమ్మట ఆ కణములు దగ్గరకు చేరి, యొకదానితో నొకటి కలిసి పొరయగును. దీని వాసన తక్కువ, అగ్నిభయమును తక్కువయే. అయినను దీనితో మూడు చిక్కులు గలవు. నీరు తగిలినంతనే కొయ్యయందలి సన్నని పోగులు ఉబ్బి నిక్కబొడుచుకొనును. జిడ్డుగాని మైనముగాని యున్నచోట ఈ పూత సరిగ నంటుకొనదు. కొయ్యకు సహజమైన పసిమిచాయ తేలక, కొంత పాలిపోయినట్లు కనబడును.

అట్లని ప్రతి కొయ్యకును వేఱు సీలరు వలయునా? అక్కఱలేదు. ఏ పూతయైనను మొదటిసారి వేసినప్పుడు అదియే రంధ్రములను మూసి తొలిపూత యగును. జిడ్డులేని శుభ్రమైన కొయ్యపై నీటిలాకరునే పలుచగ నొకసారి వేసి, ఆరిన పిదప 320 అంకెగల గరుకు కాగితముతో తేలికగ రుద్ది, నిక్కిన పోగులను తీసివేసి, పైపూతలు వేయవచ్చును. ఇనుప పీచుతో మాత్రము రుద్దరాదు. దాని తునుకలు పూతలో చిక్కి, నీటిచే త్రుప్పుపట్టి మచ్చలగును.

అయితే వేఱు సీలరు వలసిన సందర్భములు కొన్ని గలవు. టేకునందును ఇరుగుడునందును సహజమైన జిడ్డు పదార్థము లుండును. కొన్ని కొయ్యల ముడులలో బంక యుండును. పాతబల్లను ఎంత తుడిచినను పూర్వపు మైనము కొంత మిగిలియుండవచ్చును. నీటిలో కరగెడి రంగువేసిన కొయ్యపై నీటిలాకరు పూసినయెడల ఆ రంగు కరగి చారలు పడును. ఇట్టి చోట్ల మైనము తీసిన లక్క మిగుల శ్రేష్ఠము.

లక్క మన దేశమున చిరకాలముగ ప్రసిద్ధమైన వస్తువు. మోదుగు, రేగు మొదలగు చెట్ల కొమ్మలపై నివసించు చిన్న పురుగులనుండి యిది లభించును. ఏటికొప్పాక బొమ్మల పనివారు, తిరుగుచున్న అంకుడు కొయ్యకు రంగులక్కను ఒత్తగా, రాపిడి వేడిమిచే లక్క కరగి కొయ్యను పట్టుకొనును. స్పిరిటులో కరగించిన లక్కయు నట్లే గట్టిగ పట్టును. స్పిరిటు నీటివలె పోగులను ఉబ్బింపదు. ఈ పూత జిడ్డును బంకను లోపలనే బంధించి, కొయ్యకు పసిమిచాయ నిచ్చును. కాని సాధారణ లక్కలో నూటికి సుమారు 5 పాళ్ళు మైనముండును. పైపూతకు పట్టులేకుండ చేయునది ఆ మైనమే. కావున కొనునప్పుడే మైనము తీసినదా యని విచారింపవలయును.

లీటరు స్పిరిటునకు 120 గ్రాముల లక్కపలుకుల చొప్పున గాజుపాత్రలో వేసి, మూతపెట్టి, రాత్రియంతయు నాననిచ్చి వడకట్టినయెడల పలుచని సీలరు సిద్ధమగును. ఒక్క పూత చాలును. కలిపిన లక్క చాలకాలము నిలువయున్నచో సరిగ నారదు. గాజుపలకపై నొకచుక్క వేసి, మఱునాడు గోటితో నొక్కి చూచి, జిగటగ నున్నచో పాఱవేయవలయును. స్పిరిటు మండునది, విషమును. కావున దీపమునకు దూరముగ, గాలి వచ్చుచోట పనిచేయవలయును.

వేడిగిన్నెలు పెట్టు బల్లకు లక్క తగదు, వేడికది మెత్తబడును. దానికి నీటిలాకరునే తొలిపూతగ వేయుట మేలు. లేదా, ఆ లాకరు తయారుచేసినవారే దానికి తగినదని చెప్పిన నీటిసీలరును వాడవచ్చును. సులభముగ రుద్దుటకై స్టియరేటు అను సబ్బువంటి పదార్థము కలిపిన సీలరులును గలవు. వానిని మందముగ వేసినచో పూత బలహీనమగును. అవిసెనూనె పూసినయెడల అది పూర్తిగ నారువఱకు ఓపిక పట్టవలయును.

ఏది యెన్నుకొన్నను ముందుగ అదే కొయ్యతునుకపై పూతలన్నియు వరుసగ వేసి పరీక్షింపుడు. రెండు వారములు ఆరనిచ్చి, కత్తిమొనతో చిన్నగళ్ళు గీసి, వానిపై జిగురుపట్టీ నంటించి చటుక్కున లాగుడు. పొర లేచివచ్చినచో నష్టము ఆ తునుకతోనే తీరిపోవును. బల్ల క్షేమముగ నుండును.

కొయ్యలో నేమున్నది? దానిపై మునుపేమి పూయబడినది? ఆ వస్తువు దేనికి వాడబడును? ఈ మూడు ప్రశ్నలకును ప్రత్యుత్తరము చెప్పుకొనిన పిమ్మటనే కుంచె చేతబట్టుట యుక్తము.