డాన్యూబు లోయలో సైకిలు ప్రయాణము

పిల్లల భూగోళ పటములో డాన్యూబు నది ఒక నీలిగీత మాత్రమే. తల్లిదండ్రులు ఆ గీతలో ఒక చిన్న తునకను వారిచేత సైకిలుపై చుట్టివచ్చునట్లు ఊహింపజేయవచ్చును. ఆస్ట్రియా దేశమున మెల్క్, క్రెమ్స్ పట్టణముల నడుమ నది కొండలను చీల్చుకొని పారు లోయకు వాఖౌ అని పేరు. సుమారు 36 కిలోమీటర్ల దూరము. ప్రవాహము వెంట దిగువకు సాగు బాటపై శ్రమ తక్కువ. ఒక్కపూటలో దాటవచ్చును గాని, అట్లు దాటినవాడు లోయను చూడనట్లే.

దిగి చూడవలసినవి రాతిగోడలు. నిటారైన కొండవాలును మెట్లుగా తీర్చి, సున్నము లేకయే రాతిపై రాయి పేర్చి, మట్టిని నిలిపి ద్రాక్ష నాటిరి. పగటి యెండకు కాగిన రాళ్లు రాత్రివేళ ఆ వేడిమిని తీగలకిచ్చును. రాళ్ల సందులుండుటచే వాననీరు గోడను త్రోయక జారిపోవును. యంత్రమెక్కజాలని ఆ వాలులలో నేటికిని గుత్తులను చేతితోనే కోయుదురు. కూలిన గోడను చేతితోనే పేర్చుదురు.

స్పిట్స్ గ్రామము వద్ద బల్లకట్టుకు ఇంజను లేదు. నదికి అడ్డముగ కట్టిన ఇనుపత్రాటికి దానిని తగిలించి, ప్రవాహమునకు ఏటవాలుగ త్రిప్పినచో నీటి త్రోపుడే ఆవలి యొడ్డు చేర్చును. బలములను గూర్చిన పాఠమునకు ఇంతకన్న చక్కని పరికరమేది?

ఆ ప్రవాహమునకే ఒకప్పుడు ముప్పు వచ్చినది. 1970 దశకమున జలవిద్యుత్తుకై ఆనకట్ట తలపెట్టగా, లోయవాసులు ఏండ్ల తరబడి ఎదిరించి 1980 దశకమున మాన్పించిరి. 2000లో యునెస్కో ఈ లోయను ప్రపంచ వారసత్వ స్థలముగ గుర్తించినది. నది నేడును అక్కడ ఆనకట్ట లేక పారుచున్నది.